కిటికీ పక్క సీటు

ఆమె పేరు నేనడగలేదు. అడగబుద్ధి కాలేదు. నిజాంపట్నం ఎండుచేపల బుట్టతో రేపల్లెలో రైలెక్కి, వేమూరులో దిగిపోయేది.

చూపు పోయిన మా ఆయన్ని నాలుగేళ్లుగా ప్రతినెలా తెనాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఓరోజు ఆమె బుట్ట సీటు కిందికి తోసి, "కాస్త జరుగు వదినా, అన్నయ్యని కిటికీ కాడ కూర్చోనీ" అంది.

"ఆయనకి కనపడదమ్మా."

"గాలి తగులుద్ది కదా!"

ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని మొదలెట్టింది. "అన్నయ్యా, వరి పొట్టకొచ్చింది. గట్టు మీద కొంగలు వరసగా నిలబడ్డాయి, రేషన్ షాపు కాడ మనలాగా."

ఆయన పైకే నవ్వేశారు.

ఆ తర్వాత ఎప్పుడూ ఆ రైలుకే వెళదామనేవారు. ఇంట్లో ఎండుచేపల వాసన గిట్టని మనిషి, రైలుపెట్టెలోకి ఆ వాసన రాగానే చొక్కా సర్దుకునేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. అన్నం కలిపి పెట్టేది నేను, నవ్వించేది ఆవిడా?

మొన్న ఆమె వేమూరులో దిగిపోయాక ఆయన నావైపు తిరిగారు.

"ఇక నువ్వు చెప్పు. బయటేముంది?"

"పొలాలు" అన్నాను.

ఆయన ఇంకా వింటున్నారు. ఆమె రాకముందు అన్నేళ్లూ ఆ కిటికీ పక్కన కూర్చున్నది నేనే. ఒక్కనాడూ బయటికి సరిగ్గా చూడలేదు.