మంచి గొంతని చెప్పి ఇచ్చాను

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఇన్నేళ్ళూ సిగ్గుపడి దాచిన మాట ఈరోజు దేవుని ముందు, మీ ముందు చెబుతున్నాను. నా పేరు మార్తమ్మ, జి.మాడుగుల దగ్గర కొండమీది ఊరు మాది. మా అన్నయ్య భార్య రూతమ్మ వదినా నేనూ కాఫీ తోటలో పని చేస్తూ, చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్ళం. బాప్తిస్మం తీసుకున్నాక కూడా వదిన అందరి ఎదుటా కాల్చేది, నేను మాత్రం మానేశానని పాస్టరుగారికి చెప్పి పొదల చాటున కాల్చేదాన్ని.

తొంభైల చివర్లో వదినకు గొంతులో పుండు లేచింది, గంజి కూడా దిగేది కాదు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో కేన్సరన్నారు, రేడియేషన్ కరెంటు పెట్టాలన్నారు, తోడుగా నేనే ఉన్నాను. అక్కడ ఒక డాక్టరమ్మ గొంతు కణాల మీద పరిశోధన చేస్తున్నారు. ప్రతి కణంలోనూ డి.ఎన్.ఏ. అనే పదార్థం ఉంటుందట, మంచి కణంలో అది ఒక కొలతలో ఉంటుందట, కేన్సరు కణంలో ఆ కొలత తప్పి పెరిగిపోతుందట, దాన్ని మిషనుతో కొలుస్తారట. వదిన కణాలతో పోల్చి చూడడానికి జబ్బు లేని గొంతు కావాలని, చిన్న బ్రష్‌తో రాసి తీస్తామని నన్నడిగారు. చుట్ట అలవాటుందా అంటే, నేను దేవుని బిడ్డను, ముట్టుకోనని అబద్ధం చెప్పేశాను.

వారం తిరిగాక ఆవిడ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"మీ కణాల్లో కూడా డి.ఎన్.ఏ. ఎక్కువగా ఉందమ్మా. రెండుసార్లు కొలిచాను. కేన్సరని ఇప్పుడే చెప్పలేను గాని, ఆరోగ్యమైన గొంతులా లేదు. నిజంగా మీకు చుట్ట అలవాటు లేదా?"

లేదనే అన్నాను. ఎంత మూర్ఖురాలిని! బయటికి వచ్చి మెట్ల కింద కూర్చున్నాను, ఉమ్మి మింగినప్పుడల్లా ఏదో అడ్డుపడుతున్నట్టే ఉంది, గొంతుకు గొట్టం పెట్టుకున్న మనుషులు నా ముందు నుంచే నడిచి వెళ్తున్నారు, రేపు నా గతీ ఇంతేననుకున్నాను. "ప్రభువా, మనుషులతో అబద్ధమాడాను, నీతో ఆడలేను, నన్ను విడిచిపెట్టకు" అని ఏడ్చాను. అయినా డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళే ధైర్యం రాలేదు, సంగతి మన సంఘానికి తెలిసిపోతుందని భయం. మూడు రోజులు అన్నం సయించలేదు.

డాక్టరమ్మతో నేనాడిన అబద్ధం వదిన మంచం మీంచి వింది, నాలుగోరోజు నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆమె మాట గుసగుసలా వచ్చేది.

"ఏటే మార్తమ్మా, ఏటి దాసేత్తన్నావు? నానూ నువ్వూ కలిసే కాల్సినాం కదే. నాను బతకను. నువ్వు బేగెల్లి నిజం సెప్పీ."

వెళ్ళి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, లైటు వేసి వెతికి, నాలుక వెనకాల తెల్లమచ్చ ఒకటి కనిపెట్టారు. దాన్ని కోసి పరీక్షకు పంపితే, కేన్సరుగా మారబోతున్న మచ్చేగాని ఇంకా మారలేదని వచ్చింది. ఆ కబురు వచ్చేదాకా నేను పడ్డ భయం నా పగవాళ్ళకు కూడా వద్దు!

ఆ ఏడు కాఫీ పళ్ళు పండకముందే వదిన ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. ఆమెనెందుకు తీసుకున్నాడో, నన్నెందుకు ఉంచాడో నాకు తెలియదు. ఇప్పటికీ పరీక్షకు వెళ్ళాలంటే భయమే. అయినా చుట్టలోంచీ అబద్ధంలోంచీ నన్ను బయటికి లాగిన దేవునికే మహిమ! అక్కచెల్లెళ్ళారా, మీలో ఎవరికైనా గొంతులో మంటగా ఉంటే ఆయన్ను నమ్మండి, డాక్టరుకు నిజం చెప్పండి. ఒక్కరే వెళ్ళడానికి భయమైతే, సోమవారం నేను పరీక్షకు వెళ్తున్నాను, నాతో బస్సెక్కండి.