గేర్ ఆయిల్లో మెరుపు

ఆఫీసు అయ్యాక, కింద ఏదో మూలుగుతున్న నా పాత జీపును సాల్ట్ లేక్‌లోని గ్యారేజీకి తీసుకెళ్లాను. నాలుగు చక్రాలకూ శక్తిని పంచే పెట్టెలోంచి నూనె దించి, బెంగాలీ మెకానిక్ దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూపించాడు.

"ఖొయే గేఛే, దిది." లోపల ఏదో అరిగిపోయిందట.

ఆ ఘాటు వాసనకు గార్డెన్ రీచ్‌లో నాన్న షెడ్డు గుర్తొచ్చింది. అప్పుడూ డిసెంబరే. ఎవరిదో జీపు కింద నాన్న, పక్కన పళ్లెంలో నల్లటి నూనె, అందులో బంగారు మెరుపులు. క్రిస్మస్‌కి చేసిన నా కాగితం నక్షత్రాన్ని అందులో ముంచబోయాను.

"ఏటమ్మా అది?"

"నక్షత్రానికి మెరుపు కావాలి నాన్నా."

"మెరుపు కాదమ్మా. లోపల ఇత్తడి వాషర్లు అరిగి రాలిన పొడి. పండక్కి ముందే బండి ఇచ్చీమన్నారు, పక్కకెల్లు."

అయినా వేలితో నక్షత్రం మీద ఒక చుక్క అద్ది, మళ్లీ జీపు కిందికి జరిగాడు.

పండగనాడు చర్చిలో, పాటల పుస్తకం పట్టుకున్న నాన్న గోళ్ల అంచున అదే మెరుపు. తనూ ముస్తాబయ్యాడని మురిసిపోయాను. పాట సగంలోనే ఆయన కూర్చుని నిద్రపోయాడు.

బండి ఎప్పటికి కావాలని మెకానిక్ అడిగాడు. పండగ వెళ్లాకే ఇమ్మన్నాను.