మూర ఎవరిది?

కర్నూలు నుంచి కడప పోయే బస్సులో పక్కసీటు అమ్మాయి ల్యాప్‌టాప్‌లో, స్విఫ్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, కొలతలు మార్చే యాప్ రాస్తోంది. కడపలో ఇంటర్వ్యూలో చూపాలట. ఎనమ్ అనే జాబితాలో మీటరు, అడుగు, గజం పెట్టి, మూర దగ్గర ఆగిపోయింది.

"మనిషికో తీరుగా మారేది కొలతేనా? తీసెయ్యమ్మా," అన్నాను దురుసుగా.

"మా అమ్మ పూలమ్ముతాది సార్. మూర లేకుంటే ఆయమ్మకు ఈ యాప్ ఏంటికి? ఎవురి మూరో అడిగితే సరిపాయ. చెయ్యి సాపండి."

నా మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి, ఆ పొడవును మూరకు తగిలించింది. తర్వాత తన చేతి పొడవు తగిలించి చూసింది. మూరకు ఎన్ని మీటర్లంటే వేర్వేరు జవాబులొచ్చాయి, రెండూ సరైనవే.

"మీ మూర శానా పొడుగుండాది సార్, మీరు పూలమ్మితే మునిగిపోతారు!" అంటూ కడపలో దిగిపోయింది.

నేను నా చెయ్యి ఇంకోసారి చాపి చూసుకున్నాను.