ఎర్రర్ అంటే ధర్మారావు గారు

ఉమామహేశ్వరికి గొంతు పెద్దది, నమ్మకం అంతకన్నా పెద్దది. అమెరికాలో, ప్లేనో ఊళ్లోని మా కంపెనీ పని మందులు మోసే కూలింగ్ ట్రక్కులను దూరం నుంచి కనిపెట్టి ఉండటం. 2011లో చేరిన కొత్తలోనే ఆవిడ మా లీడ్ జితేందర్‌ని నిలదీసింది.

"ఈ లాగ్‌లో అన్నీ ఎర్రర్లే ఏంటండీ?"

నిజమే. మా ప్రోగ్రాం జరిగిందల్లా లాగ్‌లో రాసుకుంటుంది. కాసేపు సిగ్నల్ పోయినా ఎర్రర్, తిరిగొచ్చినా ఎర్రర్. ప్రతిదానికీ అందరికీ మెయిల్. ఇక చూసేదెవరు?

"ఎవరో ఒకరు కుర్చీలోంచి లేవాల్సిన పనైతేనే ఎర్రర్, మెయిల్ దానికొక్కదానికే. సిగ్నల్ పోతే వార్నింగ్, వస్తే ఇన్ఫో. మిగతా సోదంతా డీబగ్‌లో పడేసి, అసలు ట్రక్కుల మీద నడిచే ప్రొడక్షన్‌లో దాన్ని ఆఫ్ చేసేద్దాం."

జితేందర్ జంకాడు. "అసలుది మిస్సయితే ఎట్ల ఉమగారూ? ఒక్క లోడ్ పాడైతే మీ జాబ్ పోతది, దాంతోని వీసా పోతది."

"మా ఆయన్ని రోజంతా 'ఏవండీ' అంటూనే ఉంటా, ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తరు. మూకుడులో నూనె అంటుకున్న రోజు మాత్రం 'ధర్మారావు గారూ!' అని పేరు పెట్టి అరిచా. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. ఎర్రర్ అంటే అదీ! నా పూచీ మీద మార్చండి."

మార్చారు. మెయిళ్లు ఆగిపోయాయి. వారాలు గడిచినా ఒక్క ఎర్రర్ రాలేదు. నాకైతే గుబులుగానే ఉండేది.

"అంతా మంచిగనే ఉందా?" అని జితేందర్ రోజూ ఆవిడ సీటు దగ్గరికొచ్చేవాడు.

"వస్తే వినబడుతుంది లెండి," అనేది ఉమ. వీసా భయం ఆవిడకూ ఉంది, కానీ తను చేసింది సరైన పనేనన్న ధీమా దాన్ని పైకి రానిచ్చేది కాదు.

ఒక శుక్రవారం, తలా ఒక వంట తెచ్చుకునే ఆఫీస్ పాట్‌లక్‌లో పులిహోర తింటుండగా జితేందర్ ఫోన్ మోగింది. ఒక్కటే మెయిల్. చూసి ప్లేట్ అక్కడే వదిలేశాడు.

"ఉమగారూ, ధర్మారావు గారొచ్చిన్రు!"

అమరిల్లో అనే ఊరి దగ్గర ఒక ట్రక్కులో కూలింగ్ ఆగిపోయింది. లోపల ఇన్సులిన్. అందరం లేచాం. డ్రైవర్‌కి ఫోన్ చేసి, దగ్గర్లోని కోల్డ్ స్టోరేజ్‌కి మళ్లించాం. మందు చెడలేదు. పాత మెయిళ్ల గుంపులో అయితే అది మా కంటపడేదే కాదు.

అప్పుడు ఉమ కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ ఇంటికి ఫోన్ చేసింది.

"ఏవండీ..."

"ఊఁ, చెప్పు," అంది అవతల పరధ్యానపు గొంతు.

"ధర్మారావు గారూ! నా ఉద్యోగం నిలబడింది!"