పల్లీ పడని పిల్ల, ఇంకా రాని మందు

మా పాప జెస్సీకి తొమ్మిదేళ్లు. పల్లీ నోట్లో పడితే చాలు, పెదాలు వాచి ఊపిరాడదు. పల్లీలోని ప్రోటీన్‌ను పెప్టైడ్లనే చిన్న ముక్కలుగా చేసి, ఒంటికి అలవాటు చేసే మందు తయారవుతోందని ఫోన్‌లో చదివాను. ఈ రోజు సెలవు పెట్టి, మణుగూరు నుంచి భద్రాచలంలోని పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

"నిజమే మేడం, కానీ ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఎప్పుడొస్తదో చెప్పలేను. అప్పటిదాకా పల్లీ తగలకుండ చూసుకోవుడే" అన్నాడాయన. ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే.

బస్టాండ్ దగ్గర టిఫిన్‌కు ఆగాం. వద్దని ముందే చెప్పినా, హోటలామె ఇడ్లీ మీద పల్లీ చట్నీ పోసి తెచ్చింది.

"జరంత తింటే ఏమైతది మేడం?" అంది.

మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. జెస్సీయే ప్లేటు పక్కకు జరిపింది.

"ఆంటీ, జరంత తిన్నా నన్ను దవాఖానాకు తీస్కపోవాలె. వేరే ప్లేట్‌ల ఉత్త ఇడ్లీ పెట్టుండ్రి."

అచ్చం నా గొంతే, నా అలసటతో సహా. హోటలామె ప్లేటు మార్చింది. జెస్సీ తినేసింది. నేనే నా ఇడ్లీ సగంలో వదిలేశాను.

మన వైపు పల్లీ లేని చట్నీ చేసే హోటల్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మందు కంటే అదే ముందు దొరికేలా ఉంది.