బూడిద అద్దని అతుకులు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో నేను పెరిగిన ఇల్లు మాది కాదు. అమ్మానాన్న పోయాక, సాక్కుంటామని తీసుకుపోయిన దూరపు బంధువులది. ఆ ఇంటావిడను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. బడి నుంచి రాగానే అచ్చు అతకాలి. అంటే మగ్గం నుంచి విప్పి తీసిన అచ్చు చట్రంలో మిగిలిన పాత దారాల కొసలకు కొత్త దారాలను ఒక్కొక్కటే కలిపి పురి పెట్టాలి. పట్టు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకోవాలి. ఏడవడం అప్పటికే మానేశాను. అన్నం పెడితే తినేదాన్ని, లేకుంటే లేదు.

పక్కింటి అక్క ఆ పనిలో పేరున్న మనిషి. ఆమె అతికిన దారం ఊడిందని ఎవరూ అనలేదు. పిల్లకు పని నేర్పిస్తానని చెప్పి, అచ్చుతో పాటు నన్నూ తన ఇంటికి పిలిపించుకునేది. పని తాను చేస్తూ నన్ను చదువుకోమనేది. పంపేముందు నా వేళ్లకు బూడిద పూసేది.

ఆ అతుకులు నావే అనుకుని పెద్దమ్మ మురిసిపోయింది. తొమ్మిదో తరగతిలో ఉండగా తేల్చి చెప్పేసింది.

“ఇంత బాగా అతుకుతాది, ఇంగ బడి యాల? సోమారం నుంచి మాన్పిస్తాండాను.”

నాకేమీ అనిపించలేదు. మర్నాడు అక్క కొత్త అచ్చు ముందేసుకుని, ఒట్టి వేళ్లతో పురి పెట్టడం మొదలుపెట్టింది. బూడిద మరిచిపోయావన్నాను.

“నువ్వు సదువుకో,” అంది తలెత్తకుండా.

నా వేళ్లకు మాత్రం ఎప్పటిలాగే పూసి పంపింది.

మగ్గం కదపగానే దారాలు గుంపులుగా ఊడిపోయాయి. పెద్దమ్మ నాకు రెండు తగిలించి, అక్కను పిలిచి చూపించింది. ఇన్నాళ్లూ బాగానే అతికిందే అని అడిగింది.

“ఇన్నాళ్లు నేను పక్కన కూసొని సరిజేస్తాంటి, వదినా. దీనికి పని రాదు. నేర్పనీక నాతో కాలేదు. ఆదోనిలో సర్కారు హాస్టలుందంట, ఆడ పడేయ్.”

ఒక పిల్లకు పని నేర్పలేకపోయిందని వీధిలో చాలాకాలం ఆమెను ఎగతాళి చేశారు. నన్ను హాస్టల్లో వేశారు. నెలకోసారి అక్క జొన్నరొట్టెలు కట్టుకుని బస్సెక్కి వచ్చేది. డిగ్రీ రెండో ఏట చదువు మానేస్తానన్నప్పుడు, ఎందుకని అడగకుండా పొద్దున్నుంచి నా పక్కనే హాస్టల్ మెట్ల మీద కూర్చుంది. నేను లేచి క్లాసుకు పోయాకే వెళ్లింది.

మొన్న పట్టా వచ్చింది. మా వంశంలో మొదటిది. కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను, బస్సు కండక్టరుకు కూడా చెప్పాను. దాన్ని తీసుకుని నేరుగా అక్క ఇంటికి పోయాను. ఆమె ముట్టుకోకుండా లోపలికి వెళ్లి, వేళ్లకు బూడిద అద్దుకుని వచ్చి పట్టుకుంది.

“ఇది జారకూడదు గదా,” అంది.

పట్టా అంచున రెండు వేళ్ల బూడిద మరక పడింది. నేను తుడవలేదు.