అవ్వ కాళ్లకు చదివిన వార్త

ఈ ఉదయం కామారెడ్డి బస్టాండులో మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన కాగితంపై ఒక వార్త కనిపించింది: "ఎల్లారెడ్డి పల్లెలకు త్వరలో బస్సులు." బాల్యమిత్రులారా, ఈ వార్త మనకు సుపరిచితమేనని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

మా వాకిట్లో తునికాకు వాసన గుర్తుందా? అప్పట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు నేను పేపరు చదవాలి; ప్రతి వార్తకూ మా అవ్వ పాట కట్టి జవాబివ్వాలి. ఇదే వార్త చదివిననాడు అవ్వ బీడీల గంప ఎత్తుకుని, ఎల్లారెడ్డి కార్ఖానాకు నడవడానికి లేచింది.

"బస్సొస్తదట బిడ్డా, పేపర్ల రాసిండ్రట;
కాళ్లకు జెర సదివి జెప్పు, నొప్పి తగ్గుతదట!"

చదివాను. పక్కింటి లచ్చవ్వ నవ్వింది. "ఏమంటున్నయే నీ కాళ్లు?"

"నమ్మలేవట. నడుస్తయట."

నేడు ఊరి మలుపులో ఆటో దిగి, మిర్చీల కాగితాన్ని నా కాళ్లకు చదివి వినిపించాను. అవి సావధానంగా విని, నడక ప్రారంభించాయి.